షూటింగ్ ఏమీ లేదండీ

మొన్న ఫిల్మ్‌నగర్‌లో మందుల షాపు ముందు నలుగురు డ్రైవర్లు ఒక ఫోన్ మీదికి వంగి నవ్వుతున్నారు. యజమానులు పక్క హోటల్లో టిఫిన్ చేస్తుంటే బయట వీళ్ళ కాలక్షేపం అది. నేను మాత్రల పొట్లం సంచీలో పెట్టుకుంటుండగా, మా వీధిలోనే పనిచేసే అతను ఫోన్ నా వైపు తిప్పాడు.

"జర చూడుండ్రి సార్. పాతదే గని ఎన్నిసార్లు చూసినా నవ్వొస్తది."

పాత సినిమాలోని కామెడీ బిట్. భుజాన తువ్వాలు వేసుకొని, ఒక కన్ను సగం మూసి, చేయి తలకన్నా ఎత్తుకు లేపి చాయ్ పోసే హోటలువాడు. ఊరి రౌడీ కత్తి పట్టుకొని వస్తాడు. హోటలువాడు పెళ్ళాన్ని ముందుకు నెట్టి, తాను బల్లల కింద పాకి పారిపోతూ ఆమెతో అంటాడు: "ఫికర్ జెయ్యకు. చాయ్ తాగు. దునియా గాడనే ఉంటది, యాడికి పోదు."

డ్రైవర్లు మళ్ళీ నవ్వారు. నా పెదవులు కూడా కదిలాయి. వెంటనే తల దించుకొని ఇంటివైపు నడిచాను.

ఆ మాట ఏ రచయితా పుట్టించింది కాదు. హైదరాబాదుకు పడమటి వైపున్న ఒక చిన్న ఊళ్ళో, బస్టాండు పక్కన హోటలు పెట్టుకున్న మనిషిది. ఆ తువ్వాలు, ఆ కన్ను, ఆ చేయి కూడా ఆయనవే. వాటిని అక్కడి నుంచి సినిమాలోకి మోసుకొచ్చినవాడు నా స్నేహితుడు. కిందటి వానాకాలంలో కన్నుమూశాడు. ఆ హోటలాయన ముందు మళ్ళీ నిలబడగలనా లేదా అన్న ఒక్క ప్రశ్నతోనే అతని చివరి ఏళ్ళు గడిచాయి. ఆ ఊరి పేరు మాత్రం రాయను. దాన్ని ఒకసారి నలుగురిలో పెట్టింది చాలు.

అతను గోదావరి జిల్లా మనిషి. సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి తరలి వచ్చినప్పుడు దాంతోపాటు వచ్చి, ఫిల్మ్‌నగర్‌లో రెండు గదుల ఇంట్లో స్థిరపడ్డాడు. కంపెనీలకు లొకేషన్లు వెతికిపెట్టడం అతని పని. కథలో పాత దొరల గడి కావాలన్నా, వాగు మీద వంతెన కావాలన్నా ముందు అతను వెళ్ళి చూసి, ఊరి పెద్దలను ఒప్పించి రావాలి. పని మానేశాక, పార్కులో పొద్దుటి నడకలో నాకు పరిచయమయ్యాడు. నేను రోడ్ల శాఖలో పనిచేసి రిటైరయినవాణ్ణి. అతను చెప్పే ఊళ్ళన్నీ నాకు తెలుసు గాని, కిలోమీటరు రాళ్ళుగా తెలుసు. ఊరిదాకా రోడ్డు వేయించి, ఊళ్ళోకి పోకుండా జీపు తిప్పుకొని వచ్చేసేవాణ్ణి.

"మరైతే చూద్దాం రండి అన్నగారూ" అన్నాడు. "కోటలుంటే వెళ్తారు, గుళ్ళుంటే వెళ్తారు. ఏమీ లేని ఊరుంటుంది చూశారూ, అదండీ చూడాల్సింది."

అట్లా మా ఆదివారాలు మొదలయ్యాయి. చేవెళ్ళ, పరిగి, శంకర్‌పల్లి, సదాశివపేట, జోగిపేట, నర్సాపూర్. మా ఇంట్లో కారుంది, కాని అతను ఎక్కేవాడు కాదు. "కారు దిగితే సినిమావాళ్ళం. బస్సు దిగితే మనుషులం" అనేవాడు. అందుకని బస్సే. బస్టాండులో దిగి బజారు చివరిదాకా నడిచేవాళ్ళం. పలకల తలుపుల పాత దుకాణాలు, ధాన్యం ఆరబోసిన మార్కెట్ యార్డు, మూతపడ్డ సినిమా హాలు. హాలు మెట్ల మీద కూర్చొని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తినేవాళ్ళం. రోజూ డైరీ రాసే అలవాటు నాది. ఆ ఆదివారాల పేజీల్లో ఊరి పేరూ, వాతావరణమూ తప్ప మరేమీ ఉండవు. రాయడానికి ఏమీ జరిగేది కాదు. ఆ ఏమీ జరగకపోవడం కోసమే అతను వచ్చేవాడని తరువాత అర్థమైంది.

బస్సు దిగగానే అతని రెండు చేతులూ వాటంతట అవే లేచేవి. బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ కలిపి చట్రం కట్టి, అందులోంచి వీధిని చూడబోయేవాడు. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు చేతులు దించి, వెనక్కి పెట్టుకొని, ఒక చేత్తో రెండో మణికట్టును పట్టుకునేవాడు. పోలీసులు నడిపించుకుపోతున్న మనిషిలా ఊరంతా అలాగే తిరిగేవాడు. ఎవరైనా మా వైపు చూస్తే చాలు, వాళ్ళు అడగకముందే చెప్పేవాడు:

"షూటింగ్ ఏమీ లేదండీ. ఊరికే వచ్చాం."

దీంతోనే నాకు తల కొట్టేసినట్టయ్యేది. అతను ఆ మాట అనేదాకా అక్కడ ఎవరికీ షూటింగ్ అన్న ఆలోచనే ఉండదు. అన్న మరుక్షణం నుంచి మా వెనక జనం. సదాశివపేటలో ఒక టైలరు మిషను ఆపి మరీ బయటికి వచ్చాడు.

"హీరో ఎవరు సార్?"

"హీరో లేడండీ. షూటింగే లేదంటున్నాను."

"లేదంటున్నరంటే ఉన్నట్టే. మొన్న గా పక్కూర్ల గూడ గట్లనే అన్నరు, తెల్లారి లైట్లు దింపిండ్రు." ఆ టైలరు నన్ను, నా గొడుగును ఎగాదిగా చూశాడు. "ఈ పెద్దసారు ప్రొడ్యూసరా? సార్, మా మేనమామకు ఇంతింత మీసాలున్నయ్. విలన్‌కు పనికొస్తడు. పిల్వమంటరా?"

మేనమామ రానే వచ్చాడు. మీసాలు నిజంగానే బాగున్నాయి. నా స్నేహితుడు ఆయనకు రెండు చేతులూ జోడించి, "మీసం మీ ముఖానే ఉండనివ్వండి బాబూ, మాకివ్వకండి" అన్నాడు. జనం నవ్వారు. అతను నవ్వలేదు. ఆ రోజుకు అది నాకు వేళాకోళంగానే వినిపించింది.

మరో ఆదివారం పరిగిలో సీతాఫలాల బేరం. పండు మెత్తబడిందో లేదో అని నేను ఒక్కొక్కటే నొక్కి చూస్తుంటే, అమ్మే ఆమె నా చేతిలోంచి పండు లాక్కుంది. "గట్ల పిసుకకు సారూ. గవి నీ మోకాళ్ళు గావు." నాకు చాలా నచ్చింది. తిరుగు బస్సులో ఆమె గొంతుతో, ఆమె చేతి విసురుతో ఆ మాట రెండుసార్లు అని చూపించాను. ఇంటికి వెళ్ళగానే మా ఆవిడకు చెప్పాలన్నాను.

"చెప్పకండి అన్నగారూ."

"ఎందుకండీ? ఎంత బాగా అన్నదామె."

"బాగా అందనే చెప్తారు మీరు. విన్నవాళ్ళు నవ్వుతారు. వాళ్ళు దేనికి నవ్వారో అది ఇక మీ చేతిలో ఉండదు." కిటికీలోంచి చూస్తూ, హోటలాయన సంగతి చెప్పాడు.

ఆ ఊళ్ళో ఒక సినిమాకు వారాల తరబడి షూటింగ్ జరిగింది. ఊరిని ఒప్పించింది ఇతనే. ఇతనికి అక్కడ జ్వరం తగిలితే యూనిట్‌లో ఎవరికీ తీరిక లేకపోయింది. హోటలాయన తన ఇంట్లోనే పడుకోబెట్టుకొని, భార్యతో జొన్న గట్క కాయించి తాగించాడు. పొద్దున్నే వచ్చి నుదురు తాకి చూసేవాడు. "ఏంది సారూ, మొకం గట్ల ముడుసుకున్నవ్? షూటింగ్ ఆగుతదనా? చాయ్ తాగు. దునియా గాడనే ఉంటది, యాడికి పోదు." అంత ధైర్యం ఇచ్చే మాట తన జన్మలో వినలేదని ఇతను అన్నాడు. యూనిట్‌లో రాత్రి భోజనాల దగ్గర ఆయన్ను తలచుకోని రోజు లేదు. ఆ మాట, ఆ చాయ్ పోసే తీరు, సగం మూసిన కన్ను, అన్నీ చేసి చూపించేవాడు. కామెడీ ట్రాక్ కుదరక తల పట్టుకున్న డైలాగ్ రైటరు ఒకరోజు, "ఇంకోసారి చేసి చూపించండి" అన్నాడు. ఇతను సంతోషంగా చూపించాడు. మర్నాడు హోటలుకు వెళ్ళి, "నీ మాట సినిమాలో వస్తుందయ్యా" అని చెప్పాడు కూడా.

"ఎలా వస్తుందో అడగాలని నాకు తోచలేదండీ" అన్నాడు నాతో. "ముప్పై ఏళ్ళుగా ఈ పరిశ్రమలో ఉన్నవాణ్ణి. ఆ యాస ఎవరి నోట్లో పెడతామో నాకు తెలియదా? పిరికివాడి నోట్లో, దొంగ నోట్లో, తాగుబోతు నోట్లో. తెలిసి కూడా తోచలేదు."

హోటలాయన బజారంతా చెప్పుకున్నాడు. రిలీజ్ ఎప్పుడని ఎస్టీడీ బూత్ నుంచి ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఇతనే తేదీ చెప్పాడు. భార్యనూ, అత్తవారి తరఫు వాళ్ళనూ వెంటబెట్టుకొని పక్క టౌనులో మ్యాట్నీకి వెళ్ళాడట. అంతవరకే ఇతనికి తెలుసు. ఆ తరువాత ఫోన్ రాలేదు. బిట్ మాత్రం బాగా పేలింది. నవ్వు పడ్డ మాటను పరిశ్రమ వదలదు, ఇంకో నాలుగు సినిమాల్లో తిప్పారు.

"వెళ్ళి ఒకసారి కలవకపోయారా?" అన్నాను.

"కలిసి ఏమననండీ? ప్రేమతోనే చెప్పాననా? నిజమే, ప్రేమతోనే చెప్పాను. ఆ మాట ఆయనకు ఏ ముఖం పెట్టుకు చెప్పను?"

ఆ ఏడు వానలు వెలియకముందే, ఎక్కడినుంచో తిరిగి వస్తుంటే వాగు పొంగి రోడ్డు మీదికి వచ్చింది. కండక్టరు లేచి, బస్సు చుట్టు తిరిగి పోతుందని చెప్పి, మధ్యలో వచ్చే ఊళ్ళ పేర్లు చదివాడు. అందులో ఆ ఊరు ఉంది. నా స్నేహితుడు ముందు సీటు కమ్మీ పట్టుకున్నాడు. "దిగిపోదామా ఇక్కడే?" అన్నాను. బయట ధారగా వాన. తల అడ్డంగా ఊపాడు.

ఆ ఊరి బస్టాండులో డ్రైవరూ కండక్టరూ తిండికి దిగారు. జనమంతా దిగారు. కిటికీలోంచి హోటలు కనిపిస్తూనే ఉంది. రేకుల కప్పు, ముందు రెండు బల్లలు, పొయ్యి దగ్గర తువ్వాలు లేని ఒక ముసలాయన. చివరికి ఇతను లేచాడు. చేతులు వెనక్కి కట్టుకోలేదు. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు పక్కన వేలాడేసుకొని, వానలోనే నడిచాడు. నేను గొడుగు పట్టుకొని వెనక వెళ్ళాను.

ముసలాయన మా వైపు చూశాడు. "రండి, కూర్చోండి. రెండు టీలా అండీ?"

చాయ్ అనలేదు. గ్లాసును కిందనే పెట్టి, కిందనే పోశాడు. ఆయన మాటలు ఎవరో దిద్దిపెట్టినట్టు ఒక్కొక్కటీ జాగ్రత్తగా వచ్చాయి. ఆ జాగ్రత్త నాకు బాగా తెలుసు. నిజాం మీద పోలీసు చర్య తరువాత మా ఊరి బడిలో ఉర్దూ పోయి తెలుగు వచ్చింది. ఆ తెలుగు మా ఇళ్ళలోది కాదు. ఉద్యోగంలో చేరాక ఆఫీసుకొక మాట, ఇంటికొక మాట పెట్టుకున్నాను. కొన్నాళ్ళకు ఇంట్లోది కూడా మారిపోయింది. నేను అరవై ఏళ్ళుగా చేస్తున్న పనిని, బస్టాండులో చాయ్ అమ్మే మనిషి నా ముందు చేస్తుంటే చూడలేకపోయాను.

ఇతను టీ ముట్టలేదు. "నన్ను గుర్తుపట్టారా?" అన్నాడు.

"గుర్తుపట్టానండీ. బాగున్నారా?"

"నాతో అలా మాట్లాడకయ్యా. మునుపటిలా మాట్లాడు."

"అట్లా మాట్లాడితే జనం నవ్వుతారండీ" అన్నాడు హోటలాయన. దెప్పి అనలేదు. వాన వస్తుందని చెప్పినట్టు చెప్పాడు.

లోపలి గది గడపలో అప్పటికే ఒక ముసలామె నిలబడి ఉంది. ఆయన భార్య. చేతులకు పిండి అలాగే ఉంది.

"గాయన మాట్లాడడు గని నేను మాట్లాడుత. ఏం సారూ, ఇన్నేండ్లకు దొరికిందా తొవ్వ? సినిమాల నా పెనిమిటి నన్ను కత్తికి ఎదురు నూకి ఉరికిండు గద. ఏనాడన్న ఉరికిండా? నీకు పెయ్యి కాలిపోతుంటే నీ సినిమావోళ్ళు ఉరికిండ్రు. గాయన నీ మంచం కాడనే కూసున్నడు."

"తప్పేనమ్మా."

"తప్పని నాకెరుకే. ఇంకోటి ఉన్నది, గది నీకెరుక లేదు." ఆమె గొంతు తగ్గింది. "హాల్ల అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. గాయన పక్కన కూసోని నేనే ముందుగాల నవ్విన. నవ్వినంక తిరిగి గాయన మొకం చూసిన. గా మొకం నువ్వు గూడ చూస్తే బాగుండని ఇన్నేండ్లు అనుకున్న."

హోటలాయన పొయ్యిలో కట్టెలు సర్దుతున్నాడు. బస్సు హారన్ కొట్టింది. నా స్నేహితుడు లేచి, చల్లారిన టీని ఒక్క గుక్కలో తాగాడు.

"మళ్ళీ రావచ్చా?" అని అడిగాడు.

"బస్టాండు హోటలండీ. ఎవరైనా రావచ్చు."

దాంతో మా ఊళ్ళ తిరుగుడు ఆగిపోయింది. ఆదివారం వస్తే అతను ఒక్కడే ఆ ఊరికి పోయేవాడు. నన్ను రమ్మనలేదు, నేనూ అడగలేదు. సోమవారం పార్కులో నేను అడిగేది ఒకటే: "మాట్లాడాడా?"

"తీసుకోండి అన్నాడండీ." ఇంకో వారం: "వాన పడేట్టుంది, జాగ్రత్తగా వెళ్ళండి అన్నాడు." అంతే. ఆయన భార్య మాత్రం మాట్లాడేదట. ఒక సోమవారం చాలా సంతోషంగా కనిపించాడు. "నిన్న కడుపునిండా తిట్టిందన్నగారూ. తిట్టి, ఉడికించిన శనగ గుడాలు పెట్టింది." ఏమని తిట్టిందో అడిగాను. నా వైపు చూసి చిన్నగా నవ్వి, చెప్పలేదు.

మోకాళ్ళు సహకరించినంత కాలం వెళ్ళాడు. తరువాత ఊపిరి అందడం తగ్గింది. ఆసుపత్రిలో చూడబోతే, మాస్కు పక్కకు తీసి, "ఆదివారం ఆయన నాకోసం బల్ల ఖాళీగా ఉంచుతాడేమో, నేను రాలేనని మీరు చెప్పి రావాలి" అన్నాడు. నేను వాయిదా వేశాను. అతను పోయి దినాలు కూడా అయిపోయాక, కబురు చెప్పడానికి వెళ్ళాను. బస్సులోనే వెళ్ళాను.

దారి పొడవునా ఎలా చెప్పాలో అనుకుంటూ పోయాను. ఆ ఊరికి మా సొంత ఊరు మూడు కోసుల దూరం కూడా ఉండదు. మా నాన్న బతికుంటే హోటలాయనతో ఎట్లా మాట్లాడేవాడో అట్లా మాట్లాడాలనుకున్నాను. మా మాటలో, నేరుగా చెప్పాలనుకున్నాను. నా స్నేహితుడు ఆశపడి పొందలేకపోయినదాన్ని అతని తరఫున నేనైనా మొదలుపెట్టాలనుకున్నాను. హోటలాయన ఎదుట నిలబడి నోరు తెరిచాను.

"మీకొక విషయం చెప్పాలండీ. సారు చనిపోయారు."

"అయ్యో. ఎప్పుడండీ?"

"పదిహేను రోజులవుతుందండీ. ఊపిరితిత్తుల సమస్య."

"చాలా మంచివారండీ. కూర్చోండి, టీ తీసుకోండి."

పక్కపక్క ఊళ్ళలో పుట్టిన ఇద్దరు ముసలివాళ్ళం. మా మాట వినాలని బస్సులు పట్టుకు తిరిగి చచ్చిపోయిన గోదావరి మనిషి గురించి, మర్యాదగా, ఆ గోదావరి తెలుగులో మాట్లాడుకుంటున్నాం. ఆపాలనుకున్నాను. ఇంకో మాట వెతికితే దొరకలేదు.

ఆయన భార్య గడపలో కూర్చొని కళ్ళు తుడుచుకుంది. కొంతసేపటికి నన్ను అడిగింది. "మీదేవూరు సారూ?"

చెప్పాను.

"గా ఊరోనివా? గీడ పక్కనే గద." ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "మరి గట్ల మాట్లాడుతవేంది, అయ్యగారు మంత్రం సదివినట్టు?"

నేను గ్లాసు ఎత్తి టీ తాగాను. హోటలాయన గ్లాసులు కడుగుతున్నవాడు, తల తిప్పకుండానే, ఆమెకు మాత్రమే వినబడేటట్టు అన్నాడు. నాకూ వినబడింది.

"పోనియ్యవే. ఆయనను చూసి గూడ ఎవలో నవ్వే ఉంటరు."